నేను బిర్యానీ తిన్న రోజే చచ్చిపోయిన వీలునామా

ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే ఇక్కడ నేను చట్టం మాట్లాడే ధోరణి చూసి ఎవరైనా నన్ను రిటైరైన జడ్జీ అనుకునే ప్రమాదం ఉంది. మా ఆవిడ అయితే ఎప్పుడూ అనుకోలేదు.

చిత్తూరు రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా, జిరాక్సు షాపుకూ టీ బంకుకూ నడుమ ఒక బల్ల వేసుకుని జీవితమంతా దస్తావేజులు రాశాను. జనం నన్ను 'రైటరు సామీ' అనేవారు. వకీళ్ళు వేరే పేర్లతో పిలిచేవారు. అవి ఇక్కడ రాయను.

ఈ మధ్య ఆ బల్లల వరసలోకి కొత్త కుర్రాళ్ళు వచ్చారు. కంప్యూటరులో పాత వీలునామా ఒకటి తెరుస్తారు, పేరు మారుస్తారు, సర్వే నంబరు మారుస్తారు, అచ్చు తీసి ఇస్తారు. ఒక వితంతువు వీలునామాలో 'నా భార్య తదనంతరం' అని ఉంది. ఇదేమిటయ్యా అని అడిగితే, "పాత ఫైల్లోది అట్లే వచ్చేసింది సార్" అన్నాడు ఆ అబ్బాయి, అదేదో వాన వచ్చినట్టు. నాకు ఒళ్ళు మండింది. వీళ్ళను నాలుగు తిట్టి, పని ఎట్లా చేయాలో చెబుదామని ఈ కాగితాలు మొదలుపెట్టాను. రాస్తూ పోతే తిట్లు చాలావరకు నా మీదికే తిరిగొచ్చాయి. అయినా చింపకుండా ఉంచాను. చదవండి.

వీలునామా ఎట్లా చస్తుంది

రిజిస్టరు చేసిన వీలునామాను ఇక మార్చకూడదని మన జిల్లాలో సగం మంది నమ్మకం. తప్పు. రాసినవాడికి బుద్ధి నిలకడగా ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. 'దీన్ని ఇక మార్చను' అని అందులోనే రాసుకున్నా మార్చుకోవచ్చు. పాతది రద్దంటూ కొత్తది రాయవచ్చు. కొత్తది అక్కరలేదనుకుంటే, రద్దు చేస్తున్నానని కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెడితే చాలు. అదీ కాకపోతే రద్దు చేయాలనే ఉద్దేశంతో తన చేత్తో చింపవచ్చు, కాల్చవచ్చు. ఇంకొకరి చేత చేయించినా, అది తన ఎదుటే జరగాలి.

ఈ 'తన ఎదుటే' అన్న మాట కోసం శ్రీకాళహస్తి కలంకారీ వ్యాపారి ఒకాయన నా బల్ల ముందు మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. పాలిథిన్ సంచీ నిండా కాగితం ముక్కలు తెచ్చాడు.

"విల్లు చించేసినాను సామీ. కొత్తది రాయి."

"నువ్వే చించినావా?"

"మా ఆడోళ్ళు చించినారు. నేను మద్రాసులో ఉండి ఫోన్లో చెప్తి, బీరువాలో ఉండాది తీసి చించెయ్ అని."

"అయితే అది ఇంకా బతికే ఉండాదప్పా."

ఆయన సంచీలోకి తొంగి చూశాడు. "ఈ ముక్కలా?"

"నీ ఎదుట చించలేదు గదా. ఇప్పుడు నువ్వు చించు."

పాపం, అటుకులంత ముక్కలను ఒక్కొక్కటే తీసి మళ్ళీ చింపాడు. టీ బంకు దగ్గరి జనం గుమిగూడారు. అంతా అయ్యాక చేతులు దులుపుకుని, "ఇప్పుడు సచ్చిందా?" అన్నాడు.

"సచ్చింది. అయినా దాని నకలు రిజిస్ట్రారు ఆఫీసులో ఉంటాది. రేపు ఎవురైనా అది పట్టుకొచ్చి తగాదా పెడతారు. ఎందుకైనా మంచిది, కొత్త దాంట్లో 'పాతది రద్దు' అని ఒక వాక్యం రాస్తాను. అది రాస్తే చించే పనే లేదు."

ఆయన సంచీ మూతి ముడేశాడు. "ఆ మాట చించకముందు చెప్పేదానికి నీ నోట్లో ఏముండాది సామీ?"

ఏముందంటే, తాంబూలం ఉంది. చట్టం తెలిసినవాడి గొప్ప పక్కవాడి చేత వృథా పని చేయించడంలోనే ఉందని ఆ రోజుల్లో నా నమ్మకం.

ఇంకొకటి కొట్టివేత. రాసి సంతకాలయ్యాక వీలునామాలో ఏ మాట కొట్టేసినా, ఏ మాట చేర్చినా, ఆ పక్కనే రాసినవాడూ ఇద్దరు సాక్షులూ మళ్ళీ సంతకం పెట్టాలి. లేకపోతే ఆ దిద్దుబాటు లెక్కలోకి రాదు. పుత్తూరులో ఒక అయ్యవారు బామ్మర్ది పేరును ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, పక్కన 'వీడికి లేదు' అని రాసి తృప్తిగా కన్నుమూశాడు. గీత కింద పేరు చక్కగా చదవడానికి వీలుగానే ఉంది. వాడికే వచ్చింది. ఆ ఎర్ర గీతను ఆ బామ్మర్ది ఊరంతా చూపించి నవ్వాడు.

మా మొదలియారు

నాకు పని నేర్పింది చెంగల్రాయ మొదలియారు. ముత్యాల్లాంటి దస్తూరీ. మనిషి మాత్రం మిరపకాయ. నేను తిరుపతిలో ఫుట్‌పాత్ మీద వారసత్వ చట్టానికి తెలుగు వ్యాఖ్యానం, అట్ట ఊడిపోయినదొకటి, కొనుక్కుని వస్తే ఆయన ఎగాదిగా చూశాడు.

"ఏమిరా, వకీలు అయ్యేదానికా?"

"తెలుసుకుందామని అయ్యా."

"మన పని అక్షరాలు రాసేది. అర్థాలు చెప్పుకొనేదానికి ఎదురుగా నల్లకోట్లు ఉండాయి." అన్నాడు గానీ, సాయంత్రం పూట అదే పుస్తకం పక్కన పెట్టుకుని నాకు వరసగా చెప్పాడు. ఒకచోట వేలు పెట్టి, "ఇది మనకు కాదు, దాటెయ్" అన్నాడు. నేను బుద్ధిమంతుణ్ణి కదా, ఆ చోట పెన్సిలుతో 'మనకు కాదు' అని రాసుకుని దాటేశాను. అది పెళ్ళి గురించిన నిబంధన. దాన్ని నేను చదవలేదు. మనకు కాని దాన్ని చదివి ఏం చేస్తాం?

ఆ 'మనకు' అన్న మాటలో ఎవరున్నారో, ఎవరు లేరో నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. నా బల్ల దగ్గరికి మాత్రం అందరూ వచ్చేవారు.

రాజరత్నం

పూతలపట్టు దగ్గర పల్లె. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. చర్చికి క్రమం తప్పకుండా వెళ్ళే కుటుంబం. భార్య పోయింది. కన్నబిడ్డలు లేరు. దంపతులిద్దరూ పసిగుడ్డుగా తెచ్చి పెంచుకున్న పిల్ల సుజాత. ఆ పిల్ల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనికి పోతూ, ఆయనకు వండిపెడుతూ, ఆయన కసుర్లు పడుతూ పెరిగింది. అన్న కొడుకులు ఇద్దరున్నారు గానీ, పండక్కి కూడా తొంగి చూడరు.

ఇల్లూ, ఇంటి వెనకాల మామిడి చెట్లూ సుజాతకు రాయమన్నాడు. రాశాను. నా చేతిరాతలో అంత అందంగా వచ్చిన వీలునామా ఇంకొకటి లేదు. రిజిస్టరు చేయించాం. అరిటాకులో భోజనం కూడా పెట్టించాడు. "ఇంక దీనికి తిరుగు లేదు గదప్పా?" అన్నాడు. "నువ్వు చించితే తప్ప చావదు" అన్నాను, చేయి ఊపుతూ.

కొన్నాళ్ళకు ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికూతురు గ్రేసమ్మ, రిటైరైన నర్సు. ఆ సంబంధం కుదిర్చింది సుజాతే. నాయన ఒంటరిగా గోడలతో మాట్లాడుతున్నాడని ఆ పిల్ల దిగులు. చర్చిలో పెళ్ళి, పక్కన షామియానాలో బిర్యానీ. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. వడ్డిస్తూ సుజాత వంగి నెమ్మదిగా అడిగింది.

"సామీ, నాయన పెండ్లితో ఆ కాయితానికి ఏమీ కాదు గదా?"

నా నోట్లో కోడి కాలు ఉంది. దాన్ని తీయకుండానే తల అడ్డంగా ఊపాను. తర్వాత తీసి, "రాసినాయన చించితే తప్ప చావదు పాపా. ఇంకొంచెం పెరుగు పచ్చడి వెయ్యి" అన్నాను.

ఆ వీలునామా అప్పటికే చచ్చి గంట దాటింది. దాని చావు విందులో రెండోసారి వడ్డించుకున్నవాణ్ణి నేను.

ఆచార్యులవారి అనుమానం

తిరుపతిలో గుడి ట్రస్టు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన శేషాచార్యులు అనే పెద్దమనిషి, పంచె సర్దుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయనా మలివయసులో మళ్ళీ పెళ్ళి చేసుకోబోతున్నాడు. ఆ ఏడాది గాలిలో ఏదో ఉన్నట్టుంది.

"ఏమయ్యా, పెళ్ళి చేసుకుంటే పాత విల్లు చెల్లదని మా మేనల్లుడు అంటున్నాడే?"

"మీ మేనల్లుడు ఏం చదివినాడు స్వామీ?"

"లా చదువుతున్నాడు."

అది చాలు నాకు. లా చదివే మేనల్లుడంటే నాకు పూనకం. "పుస్తకంలో చూపిస్తాను, చదువుకోండి" అని అట్ట లేని ఆ పుస్తకం బల్ల మీద దబ్బున వేశాను. పెన్సిలు గుర్తున్న పేజీ తీశాను. ఆ మేనల్లుడికి వినబడాలన్నంత గట్టిగా చదవడం మొదలుపెట్టాను. రాసినవారు వివాహం చేసుకుంటే, అంతకుముందు రాసిన వీలునామా రద్దవుతుంది. కింద చిన్న అక్షరాల్లో వ్యాఖ్య: హిందువులకు ఇది వర్తించదు. క్రైస్తవులకు వర్తిస్తుంది.

"చూశారా, మీకు వర్తించదు" అన్నాను. అంటుండగానే నా వేలు 'క్రైస్తవులకు' అన్న మాట మీద పడింది.

"ఏమయ్యా, నీళ్ళు తాగుతావా?" అన్నాడు ఆచార్యులు.

చింపలేదు, కాల్చలేదు, రద్దు కాగితం రాయలేదు. దండలు మార్చుకున్నారు, అంతే. వీలునామా పోయింది. అది లేకపోతే రాజరత్నం ఆస్తి సగం గ్రేసమ్మకు, మిగతా సగం ఆ తొంగి చూడని అన్న కొడుకులకు. పెంచుకున్న పిల్లకు గడప కూడా రాదు.

ఫోన్ చేశాను. సుజాత ఎత్తింది. "నాయన్ను రేపు తెల్లారితోనే వేలూరు ఆస్పత్రికి పిలుచుకొని పోతాండాము సామీ. గుండె ఆపరేషను. ప్రార్థన చెయ్యండి."

ఆచార్యులవారిని కుర్చీలోనే వదిలేసి బస్సెక్కాను. దారి పొడుగునా ఆ పుస్తకం చదివాను, దాటేసిన పేజీలన్నీ. కుదుపులకు కళ్ళు తిరిగాయి. నాకు చాలదు, ఇంకా తిరగాల్సింది.

పర్మిట్టు

రాజరత్నం మంచం మీద కూర్చుని సంచీ సర్దిస్తున్నాడు. నేను విషయం చెప్పాను. చట్టం భాషలో, పుస్తకం తెరిచి, వేలు పెట్టి మరీ చెప్పాను. ఆయన పూర్తిగా విని సుజాత వైపు తిరిగాడు.

"ఈయప్పకు రాత పనులు తగ్గినట్టుండాయి. మళ్ళా రాయించుకోమని ఇంటికే వచ్చేసినాడు."

"నేను నీ దగ్గర పైసా తీసుకోను."

"నువ్వే గదా అంటివి, నేను చించితే తప్ప సావదని?"

"అన్నాను."

"నేను చించినానా?" ట్రంకుపెట్టె తీయించి, వీలునామా బయటికి తీశాడు. సీళ్ళు, సంతకాలు, నా ముత్యాల అక్షరాలు. "సూడు, యాడైనా చినిగిందా? మడత కూడా నలగలా. నా పెండ్లికొచ్చి బిర్యానీ తిని, ఇప్పుడొచ్చి ఆ పెండ్లే తప్పంటావా?"

"పెండ్లి తప్పనలేదప్పా..."

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న గ్రేసమ్మ లోపలికి వచ్చింది. ఆవిడ గొంతు ఇంజెక్షను ఇచ్చే ముందు నర్సు గొంతు. "అంటే నేను ఈ ఇంట్లో కాలు పెట్టి ఈ బిడ్డ నోట్లో మన్ను కొట్టినానా? అది చెప్పు ముందు."

"నువ్వు కాదమ్మా. కొట్టింది నేను. పెండ్లి నాడే చెప్పి కొత్తది రాయించాల్సింది."

సుజాత ఆయన మందుబిళ్ళలు విడివిడిగా పొట్లాలు కడుతోంది. ఒక పొట్లం విప్పి మళ్ళీ కట్టింది.

రాజరత్నం ముఖం తిప్పుకున్నాడు. "రేపు నా గుండె కోస్తారు. ఈ పొద్దు సావు కాయితం రాయమంటే రాసేదానికి నేను సిద్ధంగా లేను. ఒకటి ఉండాది, సాలు."

నేను మళ్ళీ పుస్తకం తెరవబోయాను. గ్రేసమ్మ దాన్ని నా చేతుల్లోంచి తీసి మూసేసింది. మొగుడి పక్కన మంచం మీద కూర్చుంది.

"ఇదో, ఇట్ల సూడు. బండి కొత్తగా ఉండాది, టైర్లు బాగుండాయి, ఇంజను బాగుండాది. పర్మిట్టు క్యాన్సిలు అయిపోయింది. రోడ్డు మీదికి తీస్తావా?"

"ఎట్ల తీస్తా?"

"ఈ కాయితం అట్లాంటిదే. బండి బాగుండాది. పర్మిట్టు లేదు."

ఆయన చేతిలోని వీలునామాను అటూ ఇటూ తిప్పాడు. "క్యాన్సిలు చేసినోడెవడు?"

"మన పెండ్లి."

"అబ్బా!" అన్నాడు. ఆపైన నా వైపు తిరిగి, "ఈ మాట ముందే ఇట్ల చెప్పుంటే అయిపోయుండు గదప్పా. ఆ పుస్తకం ఎందుకు మోసుకొస్తివి?"

స్టాంపు కాగితం అక్కరలేదు, తెల్లకాగితం చాలు. వాళ్ళ చర్చి పాస్టరుగారిని పిలిపిస్తే, ఆయన ప్రసంగాలు రాసుకునే కాగితాలు తెచ్చారు. మంచం అంచు మీద పెట్టుకుని గబగబా రాశాను. వంకరటింకర అక్షరాలతో, నేను రాసినవాటిలోకెల్లా వికారమైన వీలునామా అది. ఇల్లూ చెట్లూ సుజాతకు. గ్రేసమ్మ ఒకటే షరతు పెట్టింది.

"నాకు పెన్షను ఉండాది. బతికినంతకాలం ముందర గది మాత్రం నాది. అది రాయకపోతే నిన్ను బస్సెక్కనీను."

రాశాను. రాజరత్నం సంతకం పెట్టాడు. మొదటి సాక్షిగా పాస్టరుగారు పెట్టారు. రెండో సాక్షిగా పక్కింటాయన్ను పిలిస్తే, కుడిచేతికి భుజం దాకా పుత్తూరు కట్టుతో వచ్చాడు. గొడ్డు తోసేసిందట. "ఎడం చేత్తో గీకేదా?" అన్నాడు. వద్దని దండం పెట్టాను. ఈలోగా గ్రేసమ్మ పెన్ను లాక్కుంది.

"నేను పెడతా. రెండో పెండ్లాము ఒప్పుకోలేదని రేపు ఎవురూ అనకూడదు."

పెన్ను కాగితానికి తాకబోతుంటే చేయి పట్టుకుని ఆపాను. పరాయి ఆడమనిషి చేయి అట్లా పట్టుకోవడం నా జీవితంలో అదొక్కసారే. బస్సులో చదివిన పేజీల్లో అదీ ఉంది. క్రైస్తవుల వీలునామాలో సాక్షిగా సంతకం పెట్టినవారికి అందులో ఏదైనా రాసి ఉంటే, అది వారికి దక్కదు.

"సాక్షి సంతకం పెడితివంటే నీ ముందర గది పోతాదమ్మా."

ఆవిడ పెన్నును పామును విదిలించినట్టు విదిలించేసింది. చివరికి పాల కేంద్రం నడిపే ఆయన వచ్చి పెట్టాడు. రాజరత్నం ఇద్దరి సంతకాలూ మరోసారి చూసుకుని, "పర్మిట్టు వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది. ఇంక దీంట్లో ఏది కొట్టేసినా, పక్కన నువ్వూ ఇద్దరు సాక్షులూ మళ్ళా సంతకం పెట్టాల."

"అయితే పో. చివరి బస్సుకు టైమైంది" అన్నాడు ఆ పాత డ్రైవరు.

ఆ తర్వాత

ఆపరేషను బాగా జరిగింది. ఆయన తిరిగొచ్చి ఇంకో రెండు మామిడి కాపులు చూశాడు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మరి లేవలేదు.

చావు తర్వాతి పెద్దదినం భోజనాలు కూడా కాకముందే అన్న కొడుకులు వకీలును వెంటబెట్టుకుని వచ్చారు. సుజాత నన్ను పిలిపించింది. వాళ్ళ చేతిలో నేను రాసిన పాత వీలునామా నకలు ఉంది, రిజిస్ట్రారు ఆఫీసు సీలుతో సహా. వకీలు కుర్రవాడు, మంచి వాక్కు. పెళ్ళితో అది ఎట్లా రద్దయిందో నాకంటే బాగా చెప్పాడు. నేను తల ఊపుతూ విన్నాను. అడ్డంగా కాదు, నిలువుగా.

ఆయన ముగించాక సుజాత లోపలికి వెళ్ళి ఆ పాస్టరుగారి కాగితం తెచ్చింది. వకీలు చదివాడు. తారీఖు చూశాడు, సాక్షులను చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. మడిచి రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

పెద్ద అన్న కొడుకు నా మీద మండిపడ్డాడు. "ఇది ఎప్పుడు రాసినావప్పా?"

"మీ వకీలు చెప్పిందంతా నాకు తెలిసిన రోజు" అన్నాను. అందులో గొప్పలు పోవడానికి ఏమీ లేదు. ఆ రోజు చాలా ఆలస్యంగా వచ్చింది.

వాళ్ళు వెళ్ళిపోయాక సుజాత కాఫీ ఇచ్చింది. నా సంచీలోంచి పుస్తకం తీసి తిరగేసింది. పెన్సిలు అక్షరాల దగ్గర ఆగింది.

"'మనకు కాదు' అని రాసుండావు. మనకు అంటే ఎవురికి సామీ?"

ఆ పిల్ల కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది.

పెన్ను తీసి ఆ రెండు మాటలూ అడ్డంగా కొట్టేశాను. పుస్తకం మూయబోతుంటే గ్రేసమ్మ ముందర గది గుమ్మంలోంచి చూసి అరిచింది.

"సామీ, కొట్టేస్తే సాలదంటివే? పక్కన సంతకం పెట్టు. ఇద్దరు సాక్షులుగూడా ఉండాలంటివి."

పెట్టాను. సుజాత నవ్వుతూ నా సంతకం కింద తన పేరు రాసింది. గ్రేసమ్మ కళ్ళజోడు తెచ్చుకుని, పుస్తకాన్ని వెలుతురులోకి తిప్పి, ఆ పేజీ మొత్తం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.

"అంతా ఎందుకమ్మా, కింద సంతకం పెట్టు సాలు" అన్నాను.

"ఉండుప్పా. ఇందులో నాకేమైనా రాసుండాదేమో సూసుకోనీ."